మోయువారే సర్దుకొనవలెను

గుంటూరు నగరమునందొకటియు తెనాలి పట్టణమునందొకటియు నందివెలుగు రోడ్డు అను పేరుతో రెండు వీధులుండగా, వాని కాపేరిచ్చిన నందివెలుగు గ్రామము మాత్రము కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరిచేల నడుమ తన పనిలో తానున్నట్లుండును. అయినను అచటినుండి బయలుదేరినవారు దుగ్గిరాల మీదుగా కృష్ణ దాటి గన్నవరము చేరినను, తెనాలిలో రాత్రి రైలెక్కి హైదరాబాదు పోయి శంషాబాదు చేరినను, మరునాటికి భూగోళపు ఆవలివైపుననుందురు. నందివెలుగునందేమి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు గ్రామములందేమి, బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన యిండ్లు వీధివీధిని గలవు. కూతురికో కోడలికో నెలలు నిండుచున్నవనగానే, అంతవరకు విమానమును ఆకాశమున తప్ప చూచియెరుగని తల్లిదండ్రులు దీర్ఘప్రయాణమునకు సిద్ధపడుదురు. పదిదినములు ముందుగనే ముందరి గదిలో పెట్టెలు తెరచుకొనును. కుమారుడు సముద్రముల ఆవలినుండి ఫోనులో జాబితా చదువును. మేనల్లుడు తూకము చూచి తీసివేతలును చేర్పులును నిర్ణయించును. ఆడపడుచు పొడులు దంచించి తెచ్చును. పక్కింటివారు వచ్చి సలహాలిత్తురు. ఇంతమంది సర్దుచుండగా సర్దుటలో చేయిపెట్టనివారు ఇద్దరే యుందురు. ప్రయాణము చేయబోవువారే ఆ యిద్దరు!

ఈ పద్ధతి మారవలెనని నా గట్టి యభిప్రాయము. విమానపు కడుపులో పోవు పెద్ద పెట్టెలను ఎవరు సర్దినను సర్దవచ్చును గాని, మనిషితోపాటు విమానములోనికి వచ్చు చేతిసంచిని మాత్రము దానిని మోయువారే, తమ చేతులతోనే, ఒక్కొక్క వస్తువును పేరుపేరున ఎరిగి సర్దుకొనవలెను. భద్రతా తనిఖీ సాఫీగా సాగుటకు ఇంతకు మించిన యుపాయము లేదు. తక్కినవన్నియు దీనికి అంగములు మాత్రమే.

తనిఖీ బల్లయొద్ద జరుగునదేమో ఆలోచింపుడు. సంచి యంత్రములోనుండి వెలువడి, నేరుగా ముందుకు సాగక పక్క వరుసకు మరలును. అధికారి దానిని తెరచి, లోపలినుండి నాలుగు పొరల ప్లాస్టిక్కు కాగితములోను అటుపై పాత చీరముక్కలోను చుట్టిన పొట్లమొకటి తీసి, ఇది యేమని ప్రశ్నించును. ఆ తల్లికి తెలియదు. తెలియకుండుట ఆమె అజ్ఞానము కాదు, భాష రాకపోవుటయు కాదు. ఆ పొట్లమును ఆమె ముట్టనేలేదు. నలుబదియేండ్లు ఏ డబ్బాలో ఏ పప్పున్నదో కన్నులు మూసికొని చెప్పగలిగిన గృహిణి, తన చేతనే యున్న సంచిని గూర్చి నలుగురిలో నీళ్లు నములవలసి వచ్చుట, ఆమెను ప్రేమించువారు తెచ్చిపెట్టిన యవమానము. వెనుక వరుసలోనివారు విసుగుకొందురు, భర్త కంగారుపడును, పాసుపోర్టు ఏ అరలోనున్నదో తోచదు. ఇంత జరిగి ఆ పొట్లములోనుండి వెలువడునది నువ్వులుండలే కావచ్చును.

అధికారి అడుగు ఆ ప్రశ్న వేధింపు కాదు. దాని వెనుక రక్తపుటేరు కలదు. 1985 జూన్ 23న ఎయిరిండియా వారి కనిష్క విమానము ఐర్లండు తీరము చెంత అట్లాంటిక్ పైన పేలిపోయి, అందున్న 329 మందియు మరణించిరి. బాంబున్న పెట్టెను అప్పగించిన మనుష్యుడు విమానమెక్కనేలేదు. పెట్టె యెక్కెను, మనుష్యుడు దిగబడెను. మరుసటి సంవత్సరము, 1986 ఏప్రిల్ 17న, లండను హీత్రో విమానాశ్రయమున టెల్ అవీవ్ పోవుచున్న ఇజ్రాయిలు విమానమెక్కబోయిన గర్భవతియగు ఐర్లండు యువతి సంచిలో, అడుగున రహస్యపు పొర క్రింద విస్ఫోటకము దొరకెను. ఆ సంచిని ఆమెకిచ్చినవాడు ఆమెను పెండ్లాడెదనని నమ్మించిన నిజార్ హిందావీ. లోపలనున్నదేమో ఆమె యెరుగదు. ఆ సంచి అప్పటికే విమానాశ్రయపు సాధారణ తనిఖీని దాటివచ్చినది; దానిని పట్టినది విమానసంస్థ కాపలావారు ఆమెనడిగిన ప్రశ్నలును, సంచిని ఖాళీచేసి చేతితో చూచిన చూపును. సంచి ఎవరు సర్దిరి, ఎవరైనను ఏమైనను ఇచ్చిరా యను ప్రశ్నలకు ఎంతటి విలువ కలదో ఆ దినమున లోకమునకు తెలిసినది. మన దేశములో 1978లో చిన్న విభాగముగా మొదలైన బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, కనిష్క దుర్ఘటన పిమ్మట 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర శాఖయైనది. 1999 డిసెంబరులో ఖాట్మండునుండి వచ్చుచున్న విమానమును కాందహారునకు అపహరించుకొనిపోయిన తరువాత, 2000 ఫిబ్రవరిలో జైపూరుతో ఆరంభించి విమానాశ్రయముల కాపుదలను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము స్వీకరింప నారంభించెను. శంషాబాదులో మన సంచులు తెరచుచున్నది ఆ దళమువారే.

ఇక మన గ్రామములందలి ఆచారమొకటి ఈ చరిత్ర కెదురుగా నిలిచియున్నది. ఒకరు అమెరికా పోవుచున్నారని తెలియగానే ఆ సంగతి కాలువగట్టు దాటి పక్కయూరికి ప్రాకును. అటుపై ఒక్కొక్కరే వత్తురు. "వదినా, మీ అబ్బాయి ఊరికి మా పిల్ల ఉండు ఊరు గంట ప్రయాణమేనట, ఈ పొట్లమొక్కటి చేరవేయించవూ" అని ఒకరు. "పిన్నీ, చంటిదానికి వెండి మురుగులు, బరువే యుండవు" అని ఒకరు. మందుల పొట్లముతో మరియొకరు. కాదనుట మన మర్యాద కాదు. ఒకరి బిడ్డకొరకు మరియొకరు మోయుట, ఒకరింటి పచ్చడి మరియొకరి చేతిమీదుగా ఖండాంతరము చేరుట, మనలో ఇంకను మిగిలియున్న గొప్ప బాంధవ్యమని నేనును నమ్ముదును. అది నశింపవలెనని నేను కోరను. కాని మూతికట్టిన పొట్లమును అటులనే పుచ్చుకొని చేతిసంచిలో వేసికొనుట మాత్రము ఇకనైనను మానవలెను. ఇచ్చినవారిని అనుమానించినట్లగునని సంకోచించువారు ఒక్క సంగతి గ్రహింపవలెను: ఇచ్చిన ఆ వదినకు కూడ లోపల ఏమున్నదో పూర్తిగా తెలియకపోవచ్చును, ఆమె దానిని మరియొకరినుండి పుచ్చుకొనియుండవచ్చును. విమానాశ్రయపు అధికారి ముందు జవాబుదారి మాత్రము మోయువారొక్కరే. అందుచేత పుచ్చుకొనునపుడే, కాఫీ యిచ్చుచునే, "విప్పి చూపు వదినా, అక్కడ అడుగుదురు, నేను పేరు చెప్పవలెను గదా" అని అనవలెను. ఈ మాటలో నొప్పించునది లేదు. అడుగుట ఊరి రివాజైనచో ఎవరికిని ఎవరిపైనను కోపముండదు; విప్పి చూపించి యిచ్చుటయే మర్యాదగా మారును. మందులు మాత్రము, అవి ఎవరివో వారి పేరున వైద్యుని చీటీ లేనిచో, చిన్నాయన కొడుకు పంపినను పుచ్చుకొనరాదు.

యంత్రము సంచిని ఎట్లు చూచునో తెలిసికొన్నవారికి సర్దుటయందు సగము చిక్కు విడిపోవును. ఎక్సురే యంత్రము వస్తువు పేరును చూడదు. అది ఏ మూలకములతో నిర్మితమైనదో, ఎంత సాంద్రమో అంచనా వేసి తెరపై రంగులుగా చూపును. ఆహారము, వస్త్రము, కాగితము, సబ్బు మొదలైన కర్బన పదార్థములు నారింజ రంగున, ఇనుము రాగి వంటి లోహములు నీలముగను, నడుమనున్నవి ఆకుపచ్చగను కనిపించును. కిరణములు చొరలేని దట్టమైన వస్తువు నల్లని మచ్చయై నిలుచును. విస్ఫోటకములును కర్బన, ఉదజని, నత్రజని, ఆమ్లజనుల సంయోగములే యగుటచేత వానికిని నారింజ రంగే. ఒక కిలో సున్నుండలను గట్టిగా అదిమి ఒకే డబ్బాలో పెట్టి, దానిమీద ఫోను చార్జరు తీగలను చుట్టచుట్టి, ప్రక్కన పవర్ బ్యాంకు నుంచినచో, తెరముందు కూర్చున్నవారికి కనుపించునది దట్టమైన కర్బనపు ముద్ద, దానిని ఆనుకొని తీగలు, బ్యాటరీ. సంచి తెరువకుండ విడుచుట వారి ధర్మము కాదు. అవే సున్నుండలను పలుచని అట్టపెట్టెలో ఒక్క వరుసగా పేర్చి, తీగలను వేరొక చిన్నసంచిలో నుంచి, బల్లయొద్దకు రాగానే దానిని ఫోనుతోపాటు తీసి పళ్లెములో పెట్టినచో పని నిమిషములో ముగియును. పూతరేకులు పలుచనివి కనుక వానికి చిక్కులేదు. అరిసెలు బెల్లముతో నువ్వులతో దట్టముగా నుండును కనుక వానిని ఒకదానిపైనొకటి పేర్చరాదు. స్టీలు డబ్బాను యంత్రము కష్టముమీద చూచును. ఆహారమును అందులో పెట్టుటకంటె పలుచని ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టుట మేలు.

ఇత్తడి విగ్రహములు మరియొక చిక్కు. ఇంటిలోని చిన్న వినాయకుని కూతురి కొత్తయింటికి స్వయముగా తీసికొనిపోవలెనని తల్లికుండుట సహజము. కాని పోతపోసిన ఇత్తడిముద్ద తెరపై నల్లగా నిలిచి, దాని వెనుకనున్న వానినెల్ల కప్పివేయును. దానిని అడుగున దాచక, సంచి పైభాగమున, వెంటనే తీసి చూపుటకు వీలుగా నుంచవలెను. కత్తిపీటను గూర్చి చెప్పనక్కరలేదు గాని చెప్పుచున్నాను: మిక్సీలును చాకులును ఎన్నియున్నను గోంగూర కోయుటకు కత్తిపీటయే కావలెనని పట్టుబట్టువారు దానిని పెద్ద పెట్టెలో, అలుగుకు మందపు అట్ట చుట్టి పెట్టవలెను. కత్తెర, అట్లకాడ, అప్పడాల కర్రలకును అదే తావు.

ద్రవముల నియమమునకు కారణము 2006 ఆగస్టు 10న లండనులో బయటపడిన కుట్ర. శీతలపానీయపు సీసాలలో ద్రవరూప విస్ఫోటకములను నింపి, అట్లాంటిక్ దాటు విమానములను ఒక్కసారిగా కూల్చవలెనని పన్నిన పన్నాగమది. ఆ సంవత్సరపు శరత్కాలమునకు అమెరికా, ఐరోపా దేశములు నేటి నియమమును నెలకొల్పినవి: ఒక్కొక్క పాత్ర 100 మిల్లీలీటర్లకు మించరాదు, అవన్నియు ఒక లీటరు పట్టు పారదర్శకపు సంచిలో ఇమడవలెను. పాత్రపై ముద్రించిన పరిమాణమే లెక్క, లోపల మిగిలియున్నది కాదు. సగము ఖాళీయైన 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసా సైతము బుట్ట పాలగును. ఐరోపాలో కొన్ని విమానాశ్రయములు కొత్త యంత్రములు పెట్టి ఈ పరిమితిని సడలించుచున్నను, దారిలో దిగు ప్రతి చోటను ఆ యంత్రములే యుండునని నమ్ముటకు వీలులేదు.

ద్రవమనగా మన యిండ్లలో నీళ్లు, పాలు, నూనె యని భావింతురు. తనిఖీవారి దృష్టిలో పెరుగు ద్రవమే, నెయ్యి ద్రవమే, తేనె, పండ్లు తోముకొను ముద్ద, తలనొప్పికి రాసుకొను లేపనము, గంగాజలపు చెంబు సమస్తమును ఆ కోవలోనివే. ఇక ఆవకాయ! ముక్క ఘనమేయైనను ఊటయు నూనెయు ఘనములు కావు. దానిని చేతిసంచిలో పెట్టి, అధికారితో వాదించి, చివరకు ఏడాది పొడుగునా కంటికి రెప్పవలె కాచుకొన్న జాడీలోని మొదటి తీతను చెత్తబుట్టలో విడిచి కన్నీళ్లతో విమానమెక్కుట ఏ తల్లికిని కలుగరాదు. పచ్చళ్లన్నియు గట్టిగా మూతబిగించి, పొరలు చుట్టి, పెద్ద పెట్టెలోనే పెట్టవలెను. మాంసపు పచ్చళ్లును పచ్చి కరివేపాకును అసలే వలదు. అవి భద్రతా తనిఖీని దాటినను అమెరికా సుంకపు శాఖవారు తీసివేయుదురు. భద్రత వేరు, సుంకము వేరు. ఒకచోట ఒప్పినది మరొకచోట ఒప్పునను భ్రమ చాలమందికి కలదు.

ఇచట మరియొక మోసపుచ్చు మలుపు గలదు. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయమున పెద్ద పెట్టెలను మనమే తీసికొని, సుంకపు అధికారులను దాటి, తిరిగి అప్పగించి, అటుపై మరల భద్రతా తనిఖీ పొంది, కూతురి ఊరికి పోవు రెండవ విమానమెక్కవలెను. పెట్టె చేతికి చిక్కినది గదాయని నేతి డబ్బాను తీసి చేతిసంచిలోనికి మార్చినచో, సప్తసముద్రములు దాటివచ్చిన నెయ్యి చివరి మజిలీలో పోవును.

పొడుల విషయమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన యాపద. పడమట గుంటూరు మిరపయార్డు, ఉత్తరమున దుగ్గిరాల పసుపుయార్డు. ఈ రెంటి నడుమ పుట్టినవారి సంచిలో కారము, పసుపు లేకుండునా! 2018 జూన్ 30 నుండి అమెరికా పోవు విమానములలో చేతిసంచియందు 350 మిల్లీలీటర్లకు మించిన పొడిని అదనపు పరీక్షకు గురిచేయుదురు. తేల్చుకొనలేనిచో లోనికి రానీయరు. కారమనునది కంట చల్లదగిన వస్తువు కనుక దానిని చేతిసంచిలో చూచినవారు ఉపేక్షింతురనుకొనుట పొరపాటు. పొడులన్నిటికిని పెద్ద పెట్టెయే చోటు.

సంచిని దూదిముక్క వంటి పట్టీతో తుడిచి, ఆ పట్టీని చిన్న యంత్రములో పెట్టుట కొందరు చూచియుందురు. విస్ఫోటకముల లేశములను అది పసిగట్టును. నత్రజని ఎరువులు సోకిన వస్తువులకును, గ్లిసరిను గల చేతిపూతలకును అది ఒక్కొక్కప్పుడు మొరాయించును. కావున చేనికి ఎరువు చల్లునాడు వాడిన సంచిని, అది ఎంత బలమైనదైనను, విమానప్రయాణమునకు తీసికొనరాదు. మన రైతులకు ఈ ముక్క ఎవరును చెప్పినట్లు లేరు.

నియమములు మన జీవితమును వినవను నిరాశకు మాత్రము తావులేదు. కొబ్బరికాయను చేతిసంచిలో తీసికొనిపోరాదను కట్టడి చాలకాలముగా నున్నది. నూనె నిండిన ఎండుకొబ్బరి తనంత తాను వేడెక్కు స్వభావము గలదని దానిని పెట్టెలలోను వారింతురు. అట్టిది 2024 అక్టోబరులో, శబరిమల పోవు అయ్యప్పదీక్షాధారులు ఇరుముడిలోని టెంకాయను తమవెంట విమానములోనికి తీసికొనిపోవచ్చునని, ఎక్సురే, లేశపరీక్ష, చేతితనిఖీ మూడును జరిపిన పిమ్మట అనుమతింతుమని, 2025 జనవరి 20 వరకు పైజెప్పిన భద్రతా బ్యూరోవారు సడలింపు నిచ్చిరి. కారణము చెప్పి కోరినప్పుడు శాఖ వినినది. అట్లే 2019 ఆరంభమున, విమానాశ్రయములందలి ప్రకటనలు మొదట ప్రాంతీయ భాషలో చేయవలెనని కేంద్రము ఆదేశించినది. ఆ మేలును స్వీకరించుచునే ఇంకొకటి కోరుచున్నాను. విమానాశ్రయములో తెలుగు వినబడునప్పటికి సంచి సర్దుట ముగిసి, తాళము పడి, ఊరు దాటియుండును. తెలుగు కావలసినది అంతకు ముందు, టిక్కెట్టు చేతికి వచ్చిన గడియయందు. విమానసంస్థలు టిక్కెట్టుతోపాటు, ఏది చేతిసంచిలో, ఏది పెట్టెలో, ఏది ఇంటిలో అను ఒక్క పుటను తెలుగున, పెద్ద అక్షరములతో పంపవలెను. అందు ఐరోపావారి జున్ను, సారాయి సీసాలకు మారుగా నెయ్యి, ఆవకాయ, పొడులు, కొబ్బరి, కత్తిపీట పేర్లతో నుండవలెను. తెనాలి, గుంటూరు పట్టణములలో టిక్కెట్లు కొనిపెట్టు ఏజెంట్లు దానిని అచ్చువేసి యిచ్చినను ఖర్చు స్వల్పమే.

పెద్దవారు, మోకాళ్లు నొచ్చువారు, వారిని సర్దుకొనుమనుట న్యాయమా యని అడుగువారుందురు. చేతిసంచి యేడు కిలోల వస్తువు. దానిలో ఉండవలసినవి కొలదియే: దారికి చాలు మందులు, వాని చీటీతో, అట్టలనుండి విడదీయక, కళ్లజోడు, పాసుపోర్టు, కాగితములు, బిడ్డ చిరునామాయు ఫోను సంఖ్యయు కాగితముమీద, ఒక జత బట్టలు, ఒక శాలువ, తినుటకు పొడిగానున్న పలహారము. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టరాదు. అది చేతిసంచిలోనే యుండవలెను, ఏలయన బ్యాటరీ రాజుకొన్నచో మనుషుల కంటిముందు ఆర్పవచ్చును గాని అడుగున సామానుల అరలో ఆర్పుట దుస్సాధ్యము. ఇన్సులిను వాడువారు దానిని 100 మిల్లీలీటర్ల లెక్కకు భయపడి పెట్టెలో వేయరాదు. వైద్యుని పత్రముతో చేతనే యుంచుకొనవచ్చును. మోకాలికి లోహపు కీలు వేయించుకొన్నవారు ద్వారము మ్రోగకముందే ఆ సంగతి చెప్పవలెను. మొలకు వెండిత్రాడున్న పెద్దలును అంతే. ఈ పాటి సర్దుటకు మోకాళ్లు అడ్డము రావు. కూర్చున్నచోట కుర్చీముందు సంచినుంచి, కుమారుడు వస్తువులు అందించుచుండగా తల్లియే ఒక్కొక్కటి లోపల పెట్టవచ్చును.

అటుపై ప్రయాణపు ముందునాటి సాయంకాలము, బంధువుల రాక తగ్గిన వేళ, ఆ సంచిని ఆమెచేతనే మంచముమీద బోర్లించి, ప్రతి వస్తువును ఇది యిది యని చెప్పించవలెను. చెప్పలేని వస్తువు ఏదైనను తేలినచో, అది ఎవరు పంపినదైనను, విప్పి చూచి పెద్ద పెట్టెలోనికి మార్చవలెను. విప్పుటకు వీలులేనిచో ఇచ్చినవారింటికి ఆ రాత్రియే తిరిగి పంపవలెను.